అట్లాంటా పౌర, మానవ హక్కుల మ్యూజియం: అక్వేరియం తర్వాత చూసేది కాదు

అట్లాంటా డౌన్‌టౌన్‌లో పెంబర్టన్ ప్లేస్ అనే పచ్చిక చుట్టూ మూడు చూడదగ్గ చోట్లున్నాయి. జార్జియా అక్వేరియం, వరల్డ్ ఆఫ్ కోకా కోలా, నేషనల్ సెంటర్ ఫర్ సివిల్ అండ్ హ్యూమన్ రైట్స్. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మనవాళ్ల ప్లాను దాదాపు ఒకటే: పొద్దున చేపలు, మధ్యాహ్నం కోక్, ఓపిక ఉంటే ఆ హక్కుల మ్యూజియం. అక్వేరియమే మూడు నాలుగు గంటలు తినేస్తుంది కాబట్టి ఆ ఓపిక ఎలాగూ ఉండదు. లోపలికి వెళ్లినా కాళ్లు లాగుతూ, మూసే టైమ్ దగ్గరపడుతుంటే గబగబా బోర్డులు చదివి బయటపడతారు. డబ్బులు దండగ అనే మాట ఈ బ్యాచ్ నుంచే వస్తుంది.

ముందే చెప్పేస్తున్నాం. పౌర హక్కుల గ్యాలరీకి అయిదుకు అయిదు, మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ కాగితాల గదికి నాలుగు, ప్రపంచ మానవ హక్కుల భాగానికి మూడు. ఆ అయిదు మార్కుల భాగం మీకు దక్కాలంటే పొద్దున తలుపులు తీయగానే వెళ్లాలి, ఆ రోజుకు అదే మొదటి పని కావాలి.

లోపలికి వెళ్లేముందు చుట్టూ ఉన్న పేర్లు ఒకసారి చూడండి. మైదానానికి పేరిచ్చిన జాన్ పెంబర్టన్ కోకా కోలా కనిపెట్టిన ఫార్మసిస్టు. అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో అధికారి కూడా. మ్యూజియానికి స్థలం ఇచ్చింది కోకా కోలా కంపెనీ. ముందున్న రోడ్డు ఇవాన్ ఆలెన్ జూనియర్ బులెవార్డ్. ఈయన 1962 నుంచి 1970 దాకా అట్లాంటా మేయర్. 1963లో పౌర హక్కుల బిల్లును సమర్థిస్తూ కాంగ్రెస్ ముందు సాక్ష్యం చెప్పిన దక్షిణాది మేయర్ అని మంచి పేరు. అదే మేయర్ 1962 చివర్లో నల్లవాళ్లు ఇళ్లు కొనకుండా పేటన్ రోడ్డుకు అడ్డంగా కంచె వేయించాడు, 1963 మార్చిలో కోర్టు చెప్పాక తీయించాడు. లోపలి కథ ఎంత మెలికలు తిరిగినదో ఈ రెండు బోర్డుల దగ్గరే తెలిసిపోతుంది.

ఆల్ఫరెటా, కమింగ్, జాన్స్ క్రీక్ వైపు నుంచి వచ్చేవాళ్లు కారును నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్లో పెట్టి మార్టా మెట్రో రైలు రెడ్ లైన్ ఎక్కితే హాయి. పీచ్‌ట్రీ సెంటర్లో దిగి సెంటెనియల్ ఒలింపిక్ పార్కు మీదుగా నడిస్తే పది పదిహేను నిమిషాలు. పెద్దవాళ్లతో అంత నడక కష్టమనుకుంటే కారే దిక్కు. అలాంటప్పుడు ముందు చూడాల్సింది మెర్సిడెస్ బెంజ్ స్టేడియం, స్టేట్ ఫార్మ్ అరీనాల క్యాలెండర్లు. మ్యాచో కచేరీయో ఉందంటే చుట్టుపక్కల పార్కింగ్ రేట్లు ఒక్కసారిగా పెరుగుతాయి, తిరుగు ప్రయాణంలో గ్యారేజీ నుంచి బయటపడటానికే ప్రాణం పోతుంది. అక్వేరియానికీ కోకా కోలాకూ గ్యారేజీలు వేర్వేరు. నావిగేషన్‌లో మ్యూజియం పేరు ఒక్కటే కొడితే రోడ్డు పక్కన దింపి వదిలేస్తుంది. గ్యారేజీ అడ్రసు విడిగా పెట్టుకోండి.

టికెట్ ఆన్‌లైన్‌లో కొనడం మేలు. వారంలో అన్ని రోజులూ తెరవరు కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందు వెబ్‌సైట్లో క్యాలెండర్ చూడండి. చాలా చోట్లకు కలిపి ఇచ్చే సిటీపాస్ టికెట్ కొనేవాళ్లు జాబితాలో ఈ మ్యూజియం ఉందో లేదో చూసి, ఉంటే ఎంపికలో దీన్నే పెట్టుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి. 2014 జూన్ 23న తెరిచిన ఈ మ్యూజియాన్ని విస్తరణ కోసం 2025 జనవరిలో మూసి, నవంబరులో మళ్లీ తెరిచారు. రెండు కొత్త రెక్కలు, కొత్త గ్యాలరీలు వచ్చాయి. అందుకని 2025కు ముందు రాసిన రివ్యూలు, తీసిన యూట్యూబ్ వీడియోలు చూసి ప్లాను వేసుకుంటే లోపల దారి తప్పుతారు. ఆ రోజు ఏయే గ్యాలరీలు తెరిచి ఉన్నాయో కౌంటర్లో అడిగి టికెట్ స్కాన్ చేయించుకోండి.

పాత భవనం ఆర్కిటెక్టు ఫిలిప్ ఫ్రీలన్. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం కట్టిన బృందంలోనూ ఆయన ఉన్నాడు. వంపు తిరిగిన రెండు గోడలు దోసిలిలా మధ్య జాగాను పట్టుకుని ఉంటాయి. ఫొటోలు తీయాలనుంటే బయటే తీసుకోండి, లోపల అంత వెలుతురు ఉండదు.

కొత్త గ్యాలరీల్లో తప్పక చూడాల్సింది బ్రోకెన్ ప్రామిసెస్. బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లకు ఓటు, పదవులు, భూమి ఇస్తామని చేసిన వాగ్దానాలను ఎలా తొక్కేశారో చెప్పే భాగం ఇది. పాత మ్యూజియం కథను ఏకంగా ఇరవయ్యో శతాబ్దం మధ్యలో మొదలుపెట్టేది. అసలు నల్లవాళ్లను వేరుగా ఉంచిన చట్టాలు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో కొత్తవాళ్లకు తెలిసేది కాదు. ఆ లోటు ఇప్పుడు తీరింది. 1906 సెప్టెంబరులో ఇదే అట్లాంటాలో తెల్లవాళ్ల గుంపులు నల్లవాళ్ల మీద పడి చంపిన ఉదంతమూ ఇక్కడికే చెందుతుంది.

ఈ గ్యాలరీలో ఒక్క వస్తువు దగ్గర ఆగండి: మేరీ టర్నర్ స్మారక ఫలకం. 1918 మేలో దక్షిణ జార్జియాలో భర్తను గుంపు చంపేస్తే, చేసినవాళ్ల మీద కేసు పెడతానన్నందుకు ఎనిమిది నెలల గర్భిణి అయిన మేరీ టర్నర్‌ను కూడా చంపారు. ఆ చోటికి దగ్గర్లో రోడ్డు పక్కన 2010లో ఒక లోహపు ఫలకం పెట్టారు. దాని మీద మళ్లీ మళ్లీ తుపాకులు పేల్చారు. తూట్లు పడ్డ ఆ ఫలకాన్నే తెచ్చి ఇక్కడ పెట్టారు. దాని మీద రాసింది 1918 సంగతి. తూట్లు మాత్రం మన కాలంలో పడ్డవి. పదేళ్ల లోపు పిల్లలతో వెళ్తే మాత్రం ఈ గ్యాలరీని ఒకరు పిల్లలతో బయట ఉండి, ఒకరు చూసి, తర్వాత మారడం మంచిది. ఈ భాగంలో దాపరికం ఉండదు.

ఇక అసలైన గ్యాలరీ, రోల్స్ డౌన్ లైక్ వాటర్. దీన్ని కూర్చింది జార్జ్ సి. వుల్ఫ్. ఆయన బ్రాడ్‌వే నాటక దర్శకుడు, మ్యూజియం మనిషి కాదు. ఆ తేడా అడుగడుగునా తెలుస్తుంది. చదవాల్సింది తక్కువ, వినాల్సింది, నడవాల్సింది ఎక్కువ. మొదట తెల్లవాళ్ల అట్లాంటా ఒకవైపు, నల్లవాళ్ల అట్లాంటా ఇంకోవైపు ఫొటోలుగా గోడల నిండా ఉంటాయి. నల్లవాళ్ల వైపు దరిద్రం మాత్రమే ఉంటుందనుకునేవాళ్లు ఇక్కడ తడబడతారు. ఆబర్న్ ఎవెన్యూలో బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, పత్రికలు, కాలేజీలు అన్నీ వాళ్లవే ఉండేవి. ఉద్యమానికి డబ్బు, నాయకులు అక్కడి నుంచే వచ్చారు. కాస్త ముందుకెళ్తే పాతకాలం టీవీ సెట్లు. నల్లవాళ్లను వేరుగానే ఉంచాలన్న నాయకులు వాటిలో మాట్లాడుతూ ఉంటారు. వాళ్ల గొంతుల్లో ఆవేశం కన్నా తాపీతనమే ఎక్కువ. ఆ తాపీతనమే ఒళ్లు మండిస్తుంది. ఇక్కడ పది నిమిషాలు కేటాయించండి, చాలామంది రెండు నిమిషాల్లో దాటేస్తారు.

తర్వాత ఫ్రీడమ్ రైడర్ల బస్సు. బస్సుల్లో వేరు సీట్ల పద్ధతిని ఎదిరిస్తూ నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి దక్షిణాదికి ప్రయాణం చేసినవాళ్లు వీళ్లు. 1961లో జైళ్లలో తీసిన వాళ్ల ముఖాల ఫొటోలే బస్సు ఒళ్లంతా.

అందరూ చెప్పుకునేది మాత్రం లంచ్ కౌంటర్. వుల్‌వర్త్ లాంటి దుకాణాల్లో నల్లవాళ్లు సామాను కొనుక్కోవచ్చు, కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని తినడానికి మాత్రం లేదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు కూర్చుని లేవమన్నా లేవలేదు. అలా కూర్చోవడం ఎలా ఉంటుందో మీకు ఇక్కడ తెలుస్తుంది. పద్ధతి ఇదీ: స్టూలు ఎక్కాలి, హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, రెండు అరచేతులూ కౌంటర్ మీద గుర్తులున్న చోట ఆనించాలి, కళ్లు మూసుకోవాలి. రెండు నిమిషాల లోపే అయిపోతుంది. మొదట ఒక గొంతు చెవి పక్కన మెల్లగా మొదలవుతుంది. తర్వాత వెనక నుంచి ఇంకొకటి, ఆ తర్వాత గుంపు. బూతులు, బెదిరింపులు, పళ్లేలు పగిలిన చప్పుడు. ఎవరో తన్నినట్టు స్టూలు అదురుతుంది. ధ్వని ఎటు నుంచి వస్తోందో చెవికి స్పష్టంగా తెలిసేలా రికార్డు చేశారు కాబట్టి తల తిప్పి చూడాలనిపిస్తుంది. తిప్పకూడదు.

ఇక్కడ జనం చేసే పొరపాట్లు కొన్నే, కానీ అవే మొత్తం అనుభవాన్ని చెడగొడతాయి. హెడ్‌ఫోన్ సరిగా కుదరకముందే చేతులు కింద పెడతారు, మధ్యలో సర్దుకోవడానికి చెయ్యి తీస్తారు. అంతే, కుదిరిన మనసు కాస్తా చెదిరిపోతుంది. పెద్ద జుంకాలు ఉంటే ముందే తీసి పర్సులో వేసుకోండి, జడను ఒక పక్కకు వేసుకోండి, కళ్లజోడు తీసేయండి. హెడ్‌ఫోన్ చెవిని పూర్తిగా కప్పకపోతే పక్కవాళ్ల మాటలే వినిపిస్తాయి. రెండోది, జంటగా కూర్చుని ఒకరినొకరు చూసి నవ్వుకోవడం. కళ్లు తెరిస్తే అది ఉత్త హెడ్‌ఫోనే. మూడోది, ఫోన్లో వీడియో తీయడం. ఏడుస్తున్నవాళ్లు పక్క స్టూలు మీద ఉంటారు, కెమెరా లోపల పెట్టండి. శనివారం మధ్యాహ్నం ఇక్కడ లైను పెరుగుతుంది, వెనక నిలబడ్డవాళ్ల గోల కౌంటర్ దాకా వినిపిస్తుంది. పొద్దున్నే రమ్మనడానికి మొదటి కారణం ఇదే. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, దాడుల్లో దెబ్బతిన్న అనుభవం ఉన్నవాళ్లు, పన్నెండేళ్ల లోపు పిల్లలు కూర్చోకపోవడమే మంచిది.

ఈ కౌంటర్ వెనక మన దేశం దాకా వచ్చే ఒక దారి ఉంది. నాష్‌విల్ విద్యార్థులకు దీనికి శిక్షణ ఇచ్చినవాడు జేమ్స్ లాసన్. 1953 నుంచి 1956 వరకు నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీ పద్ధతులు చదివాడు. బస్సుల్లో వేరు సీట్లకు నిరసనగా అలబామాలోని మాంట్‌గోమరీలో నల్లవాళ్లు బస్సులు ఎక్కడం మానేసిన వార్త ఆయనకు చేరింది కూడా నాగపూర్ పత్రికలోనే. తిరిగి వెళ్లి చర్చి గదుల్లో రిహార్సళ్లు పెట్టాడు. సగం మంది కుర్చీల్లో కూర్చునేవాళ్లు. మిగతా సగం గుంపులా వచ్చి తిట్టడం, ముఖం మీద సిగరెట్ పొగ ఊదడం, కిందికి లాగడం చేసేవాళ్లు. కొట్టినా చెయ్యెత్తకుండా ఉండటం పుట్టుకతో వచ్చే ఓర్పు కాదు, రోజుల తరబడి చేసిన సాధన. మ్యూజియం స్టూలు మీద మీరు చేసేది ఆ రిహార్సల్‌లో ఒక ముక్క. ఇది తెలిసి కూర్చుంటే ఆ అరచేతుల నిబంధన ఎందుకో అర్థమవుతుంది.

అట్లాంటా విద్యార్థుల సంగతి కూడా ఇక్కడే తలచుకోవాలి. 1960 మార్చి 9న వాళ్లు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేయించారు. దాని పేరు యాన్ అప్పీల్ ఫర్ హ్యూమన్ రైట్స్. పౌర హక్కులు అనలేదు, మానవ హక్కులు అన్నారు. వారం తిరక్కుండా మార్చి 15న కౌంటర్ల దగ్గర కూర్చున్నారు. ఆ అక్టోబరులో రిచ్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ దగ్గర వాళ్లతో పాటు కింగ్‌ను కూడా అరెస్టు చేశారు. ఈ మ్యూజియంలో రెండు రకాల హక్కులు ఒకే కప్పు కింద ఎందుకున్నాయని అడిగేవాళ్లకు ఈ ప్రకటన కన్నా మంచి జవాబు లేదు.

కౌంటర్ తర్వాత, హక్కుల కోసం వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపు గురించిన గది వెలుతురుగా, విశాలంగా ఉంటుంది. 1963 ఆగస్టు 28, రెండున్నర లక్షల మంది. ఇక్కడ కూర్చోండి, కూర్చోమనే ఆ గది అలా పెట్టారు. తర్వాత వచ్చేది అదే ఏడాది సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి చనిపోయిన నలుగురు ఆడపిల్లల భాగం. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకమ్మాయికి పదకొండు. వెలుగు నుంచి ఈ చీకట్లోకి పద్దెనిమిది రోజుల దూరం. వుల్ఫ్ నాటక విద్య అంతా ఈ మలుపులో ఉంది. చివరికి మెంఫిస్, 1968 ఏప్రిల్ 4, కింగ్‌ను కాల్చి చంపిన రోజు.

కింగ్ కాగితాల గది పూర్తిగా వేరే రకం. 2006లో సదబీస్ వేలానికి రాబోయిన సుమారు పదివేల కాగితాలను అప్పటి మేయర్ షిర్లీ ఫ్రాంక్లిన్ చొరవతో ఊరివాళ్లు 3.2 కోట్ల డాలర్లకు కొని, కింగ్ చదివిన మోర్‌హౌస్ కాలేజీ పేర నిలిపారు. అందులోంచి కొన్ని ఇక్కడ పెడతారు, కొన్నాళ్లకు మారుస్తారు. వెలుతురుకు కాగితం పాడవుతుంది కాబట్టి లైట్లు మందంగా ఉంటాయి, ఫొటోలు తీయనివ్వరు. చదివే కళ్లజోడు మర్చిపోతే ఈ గది మీకు లేనట్టే. చూడాల్సింది కొట్టివేతలు. ఏ వాక్యం రాసి ఎక్కడ గీత పెట్టాడు, పక్కన ఏం రాశాడు అన్నది. ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే, కింగ్ చేతిరాతకు అలవాటు లేనివాళ్లకు ఈ గదిలో పది నిమిషాలకు మించి నిలబడటం కష్టం.

ప్రపంచ మానవ హక్కుల భాగం పలచన. విస్తరణకు ముందు ఇందులో ఒకవైపు హిట్లర్ మొదలుకొని నియంతల నిలువెత్తు బొమ్మలు, ఎదురుగా ఇవాళ్టి హక్కుల కార్యకర్తలు ఉండేవాళ్లు. మన చేతిలోని ఫోను, చాక్లెట్, ఆడుకునే బంతి ఎవరి చెమటతో తయారయ్యాయో చెప్పే భాగం మాత్రం పిల్లలకు బాగా ఎక్కేది. మొత్తంగా సమస్య ఒకటే. కింద ఒక ఊరి, ఒక దేశపు కథను గుండెకు తాకేలా చెప్పి, ఇక్కడికొచ్చేసరికి ప్రపంచమంతా కలిపి ఒక గదిలో కుక్కితే ఏ దేశానికీ న్యాయం జరగదు. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 30 అధికరణాలున్నాయి. మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అని ఉండబోయిన చోట 'మనుషులందరూ' అని మార్పించింది మన రాజ్యాంగ సభ సభ్యురాలు హంసా మెహతా. మీతో ఆడపిల్లలు ఉంటే ఈ గదిలో ముందు చెప్పాల్సింది ఇదే.

తెలుగువాళ్లు ఇంకొకటి కూడా గుర్తుపెట్టుకుని నడవాలి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల ప్రాణాలు తీసింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది. 1959లో ఇండియా వచ్చిన కింగ్‌ను కేరళలో దళిత పిల్లల బడిలో, అమెరికా నుంచి వచ్చిన మన సాటి అంటరానివాడు అని పరిచయం చేశారు. మొదట ఆయనకు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచించుకుని, అవును నేను అంటరానివాణ్నే అనుకున్నానని 1965లో అట్లాంటాలోని తన చర్చిలోనే చెప్పాడు. అయ్యో పాపం అమెరికా నల్లవాళ్లు అని మాత్రమే అనుకుని బయటికి వచ్చే మనవాళ్లకు ఈ మ్యూజియం సగమే అందినట్టు.

ఇంగ్లీషు అంతగా రాని అమ్మానాన్నలను తీసుకెళ్లేవాళ్లకు ఒక మాట. ఇక్కడ ఎక్కువ భాగం వినేదే, అదీ దక్షిణాది యాసలో. తెలుగులో ఏమీ ఉండదు. దారిలో కార్లోనే నాలుగు సంగతులు చెప్పేయండి: వేరు కుళాయిలు, వేరు బడులు పెట్టిన చట్టాలు ఉండేవని, బస్సు సీటు దగ్గర గొడవ మొదలైందని, హోటల్ స్టూళ్ల మీద పిల్లలు కూర్చున్నారని, కింగ్‌ను కాల్చి చంపారని. అంత చాలు. మిగతాది ఫొటోలే చెబుతాయి. హెడ్‌ఫోన్‌లో వచ్చే తిట్లు ఎలాంటివో కూడా ముందే చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడతారు. లిఫ్టులున్నాయి, ఏసీ మాత్రం గట్టిగా ఉంటుంది, శాలువా ఉంచుకోండి. భోజనం సంగతి ముందే చూసుకోవాలి. పులిహోర డబ్బా తెచ్చుకుంటే సెంటెనియల్ పార్కులో బెంచీలకు కొదవ లేదు.

ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు 1964, 1965 చట్టాల దగ్గర ఒక ముక్క కలిపి చెప్పండి. 1964 జులై 2న పౌర హక్కుల చట్టం, 1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం, అదే ఊపులో అక్టోబరు 3న కొత్త వలస చట్టం. అప్పటిదాకా భారతీయులకు ఏడాదికి వంద వీసాల కోటా. ఆ చట్టం వచ్చాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడ దిగారు. మాకేం సంబంధం అని అడిగే టీనేజర్ కూడా ఇక్కడ కాస్త ఆగుతాడు.

మొత్తానికి రెండున్నర నుంచి మూడున్నర గంటలు పెట్టుకోండి. మధ్యాహ్నం ఓపికుంటే పక్కన కోక్ కన్నా కింగ్ పార్కుకు వెళ్లడం మేలు. సెంటెనియల్ పార్కు దగ్గర ట్రామ్ ఎక్కితే, నడుస్తున్న రోజుల్లో, నేరుగా కింగ్ పార్కు దగ్గర దింపుతుంది. నేషనల్ పార్క్ సర్వీస్ నడిపే చోటు, ప్రవేశం ఉచితం. ఎబినేజర్ చర్చి, నీళ్ల మధ్య కింగ్ దంపతుల సమాధి, విజిటర్ సెంటర్ దగ్గర నడుస్తున్న గాంధీ విగ్రహం. కింగ్ పుట్టిన ఇంటిని 2023 నవంబరులో మరమ్మతులకు మూశారు. దాని కోసమే వెళ్లేవాళ్లు తెరిచిందీ లేనిదీ ముందు చూసుకోండి.

బానిసత్వం, లించింగ్‌ల (గుంపుగా చేరి చంపడం) గురించి లోతుగా చూడాలనుకునేవాళ్లకు అట్లాంటా చాలదు. రెండున్నర గంటల డ్రైవ్‌లో మాంట్‌గోమరీ ఉంది. అక్కడ లెగసీ మ్యూజియం, ఒక్కో కౌంటీకి ఒక్కో ఉక్కు స్తంభం వేలాడదీసిన స్మారకం చూడటానికి రోజంతా పడుతుంది, టికెట్ అయిదు డాలర్లే. బర్మింగ్‌హామ్ కూడా దాదాపు అంతే దూరం. ఐ-20 మీద వెళ్తూ దారిలో అనిస్టన్‌లో ఆగితే 1961 మే 14న ఫ్రీడమ్ రైడర్ల బస్సు తగలబెట్టిన చోటు చూడొచ్చు. వారాంతం ఒక్కటే ఉంటే శనివారం అట్లాంటా, ఆదివారం ఈ రెండింట్లో ఒకటి పెట్టుకోండి. రెండూ ఒకే రోజులో కుదరవు. బయల్దేరే ముందు టైమ్ లెక్క చూసుకోండి: ఈ రెండు ఊళ్లూ అట్లాంటా కన్నా గంట వెనక.